బుడ్డోడు ఎందుకు ఏడుస్తున్నాడు?

"మా తమ్ముడు రోజూ మధ్యాహ్నం నిద్రలోంచి లేచి ఏడుస్తున్నాడు" అని రాసి, తూనీగ పెన్సిల్ చివర కొరుక్కుంటూ కూర్చుంది.

తూనీగ అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉంది. కాలు ఒకచోట నిలవదని నానమ్మ ముద్దుగా పెట్టిన పేరు వీధి దాటి, స్కూలు గేటు దాటి, ఐదో తరగతి దాకా వచ్చేసింది. ఇప్పుడు టీచర్ కూడా అలాగే పిలుస్తున్నారు.

బోర్డు మీద టీచర్ పెద్ద అక్షరాలతో రెండు మాటలు రాశారు. కారణం. ఫలితం.

"మీ ఇంట్లో జరుగుతున్న ఏదో ఒక విషయం రాయండి. అది ఎందుకు జరుగుతోందో కూడా రాయాలి. ఊరికే జరిగింది, ఊరికే అయింది అంటే ఒప్పుకోను," అన్నారు టీచర్.

వెనక బెంచీలోంచి గుండు చెయ్యెత్తాడు. వాడికి ఎప్పుడో ఎండాకాలం సెలవుల్లో వాళ్ళ నాన్న గుండు గీయించాడు. జుట్టు ఒత్తుగా పెరిగింది గానీ పేరు మాత్రం ఊడలేదు.

"నాది అయిపోయింది టీచర్. కరెంటు పోయింది, అందువల్ల నేను హోంవర్క్ చెయ్యలేదు."

"నిన్న మీ ఇంట్లో కరెంటు పోయిందా?"

"లేదు టీచర్. పోతుందేమోనని ముందే మానేశాను."

క్లాసంతా గొల్లుమంది. టీచర్‌కీ నవ్వాగలేదు. "జరగనిది కారణం ఎలా అవుతుంది నాయనా? కూర్చో, ఇంకోటి వెతుక్కో," అన్నారు.

తూనీగ మాత్రం నవ్వలేదు. దానికి అప్పుడే కారణం దొరికేసింది. దొరికాక పెన్సిల్ ఆగుతుందా? రెండు పక్కల కాగితం నింపేసి, టీచర్ అడగకముందే లేచి చదివింది.

"మా ఇంటి కింద సుత్తి బాబాయ్ పని చేసుకుంటాడు. ఆయన మధ్యాహ్నం అన్నం తిన్నాక బెంచీలకు మేకులు కొడతాడు. పెద్ద చప్పుడు అవుతుంది. ఎందుకంటే సుత్తి ఇనుముది. ఆ చప్పుడు వల్ల మా తమ్ముడు ఉలిక్కిపడి లేచి ఏడుస్తాడు. అందువల్ల నానమ్మ ఎత్తుకుని తిప్పాలి. అందువల్ల నానమ్మకు నడుం నొప్పి. అందువల్ల అమ్మ ఆఫీసు నుంచి వచ్చి ఒక్కతే వంట చెయ్యాలి. అందువల్ల అమ్మకు కోపం. అందువల్ల నాన్న ఇంట్లో మాట్లాడడు."

టీచర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అబ్బో! ఒక్క మేకు కొడితే మీ నాన్నగారి నోరు దాకా వెళ్ళిందే!" అంటూ కాగితం మీద ఎర్ర సిరాతో నక్షత్రం వేశారు. తర్వాత కాగితం చేతికిస్తూ, "ఇదంతా చూసి రాశావా, విని రాశావా?" అని అడిగారు.

"నానమ్మ చెప్పింది టీచర్. బుడ్డోడు ఏడ్చే టైముకి నేను ఇక్కడే ఉంటాను కదా."

టీచర్ ఇంకేదో అనబోయారు. ఇంతలో బెల్లు కొట్టారు. బెల్లు మోగాక తూనీగను ఆపడం ఎవరి తరం? నక్షత్రం ఉన్న కాగితం రెపరెపలాడించుకుంటూ గేటు దాటేసింది.

వాళ్ళు ఉండేది మేడ మీద, అద్దెకు. కింద వెనక భాగంలో ఇంటి ఓనర్ మామ్మగారు ఉంటారు. ముందు గది సుత్తి బాబాయ్‌ది. ఆయన వడ్రంగి. గదిలో ఒక పక్క చెక్కలు, ఒక పక్క బెంచీలు, నేలంతా రంపం పొట్టు. చెక్కను చిత్రిక పట్టినప్పుడు ఉంగరాలు ఉంగరాలుగా రాలే పొట్టు ఏరుకుని తూనీగ గాజుల్లా చేతికి వేసుకునేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. అసలు ఆయన ఎవరినీ ఏమీ అనడు. సుత్తి చేతిలో ఉంది గానీ మాటల్లో మాత్రం ఆవగింజంత సుత్తి లేదు. "ఊ", "అలాగే", "తలుపు వెయ్యి" అన్న మూడు మాటలతో రోజు గడిపేస్తాడు.

బుడ్డోడు పడుకునే మంచం కూడా ఆయన చేసిందే. చుట్టూ చెక్క కంచె కట్టి, పిల్లాడికి గీసుకోకుండా మూలలన్నీ గుండ్రంగా అరగదీసి ఇచ్చాడు.

తూనీగ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఇంట్లోకి వచ్చింది. కిటికీ కింద మంచంలో బుడ్డోడు కూర్చుని ఉన్నాడు. అక్కను చూడగానే ఉన్న ఒకే ఒక్క పన్ను చూపించి నవ్వాడు. ఎదురుగా బీరువా పిడికి సీడీ చేప వేలాడుతోంది. పాత సీడీకి తోక అంటించి, కన్ను గీసి తూనీగ చేసిన చేప అది. తమ్ముడికి పన్ను వచ్చిన రోజున కానుకగా కట్టింది.

"నానమ్మా! నాకు నక్షత్రం!"

నానమ్మ కాగితం అందుకుని, చేతిని చాచి దూరంగా పట్టుకుని చదివింది. చదువుతున్నంతసేపూ మొహం వెలిగిపోయింది. తన నడుం నొప్పి కూడా రాతలోకి ఎక్కిందని మరీ మురిసిపోయింది. అంత సంబరం ఒక్క గదిలో పట్టదు. కాగితం పట్టుకుని మెట్లు దిగి, వరండాలో పేపరు చదువుకుంటున్న ఓనర్ మామ్మగారి దగ్గరికి వెళ్ళింది.

"వదినగారూ, మా పిల్ల ఎలా రాసిందో వినండి!"

మామ్మగారు గట్టి మనిషి. గోడకు మేకు కొట్టాలన్నా ఆవిడను అడగాలి. కానీ పసిపిల్లల దగ్గర మాత్రం వెన్నముద్ద. కాగితం చివరిదాకా విన్నారు. మొదట అక్షరాలు బాగున్నాయన్నారు. తర్వాత మొహం ముడుచుకున్నారు.

"పసివాడు రోజూ ఏడుస్తుంటే నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"ఏదో లెండి, ఆయన పని ఆయనది. మొహమాటం..."

"మొహమాటానికి పోతే పిల్లాడికి నిద్రెక్కడిది? ఏమయ్యా, ఒకసారి ఇటు రా!"

సుత్తి బాబాయ్ చెవి మీద పెన్సిల్‌తో బయటికి వచ్చాడు. మామ్మగారు మాట నాన్చే రకం కాదు.

"నీ చప్పుడుకి పైన పిల్లాడు రోజూ లేచి ఏడుస్తున్నాడట. ఇక్కడ కుదరదు. ఈ శనివారం లోపల వేరే చోటు చూసుకో."

ఆయన మెట్ల మీద నిలబడ్డ తూనీగను చూశాడు. నానమ్మ చేతిలో కాగితాన్ని చూశాడు. "ఏడుస్తున్నాడని నాకు తెలీదమ్మా," అన్నాడు. అంతే. లోపలికి వెళ్ళి సుత్తి తీసి పైన అరలో పెట్టేశాడు.

తూనీగ తల దించుకుంది. నానమ్మ మొహం కూడా చిన్నబోయింది. "నేను నీ రాత చూపిద్దామనుకున్నానే గానీ, ఇలా అవుతుందని అనుకున్నానా?" అని మెట్లెక్కుతూ గొణుక్కుంది.

మర్నాటి నుంచి కింద గదిలో సుత్తి మోగలేదు. సగం అయిన బెంచీలు గోడకు ఆనించి ఉన్నాయి. ఒక స్కూలుకు ఇవ్వాల్సిన బెంచీలవి. మేకులు కొట్టకుండా బెంచీ ఎలా అవుతుంది? బాబాయ్ అవతలి పేటలో ఒక రేకుల షెడ్డు చూసి వచ్చాడని, అందులో మనిషి పడితే చెక్క పట్టదని, చెక్క పడితే మనిషి పట్టడని నాన్న అమ్మతో చెప్పాడు. తూనీగ విననట్టు నటిస్తూ అంతా విన్నది.

ఆ రోజు స్కూలు నుంచి రాగానే అడిగింది.

"నానమ్మా, ఇవాళ హాయిగా పడుకున్నాడా?"

"ఎక్కడే! మామూలే. కేర్‌మని లేచాడు."

"సుత్తి కొట్టలేదు కదా?"

"పళ్ళొస్తున్నాయేమో లే."

మరుసటి రోజూ అదే కథ. "కడుపులో నొప్పేమో," అంది నానమ్మ. ఆ తర్వాతి రోజు నానమ్మకు కారణాలు అయిపోయాయి.

"సుత్తి కొడతాడేమోనన్న భయంతో ముందే లేస్తున్నాడేమోనే!"

తూనీగకు గుండు గుర్తొచ్చాడు. కరెంటు పోతుందేమోనని ముందే హోంవర్క్ మానేసినవాడు. ఆ రోజు క్లాసంతా నవ్వింది. ఇప్పుడు తూనీగకు నవ్వు రాలేదు.

రాత్రి అందరూ కలిసి అన్నం తింటున్నారు. నాన్న సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్‌ల మధ్య ఉండి వస్తాడు కాబట్టి ఇంట్లో నిశ్శబ్దంగా ఉండటం ఆయనకు ఇష్టం. తూనీగ రాసినట్టు అది అమ్మ కోపం వల్ల ఏం కాదు. కానీ ఆ రాత్రి కూతురు కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంటే ఆయనే కదిపాడు.

"ఏంటమ్మా, తూనీగ రెక్కలు ముడుచుకుంది?"

"సుత్తి కొట్టాక తమ్ముడు ఏడ్చాడు. అందుకే సుత్తి వల్ల అని రాశాను నాన్నా. ఇప్పుడు సుత్తి లేదు, అయినా ఏడుస్తున్నాడు."

నాన్న ముద్ద కలుపుతూ అన్నాడు.

"నా బస్సులో ఒక పెద్దాయన రోజూ ఎక్కుతాడు. ఎర్ర లైటు దగ్గర బస్సు ఆగగానే 'హారన్ కొట్టవయ్యా, హారన్ కొడితే గానీ పచ్చ లైటు పడదు' అంటాడు. పోనీలే పెద్దాయన కదా అని కొడతాను. పచ్చ లైటు పడుతుంది! 'చూశావా?' అని మీసం దువ్వుకుంటాడు."

అమ్మ పకపకా నవ్వింది. "కొట్టకపోయినా పడుతుంది కదండీ!"

"ఆ మాట ఆయనకెవరు చెప్తారు? కొట్టకుండా ఒక్కసారైనా చూస్తేగా తెలిసేది."

"కాకి వాలిందీ, తాటిపండు పడిందీ అన్నట్టు," అంది నానమ్మ, పెరుగు వడ్డిస్తూ. "పండిన పండు దానంతటదే రాలుతుంది. సరిగ్గా అప్పుడే కాకి వాలితే, పడగొట్టింది కాకేనంటారు. పాపం కాకి!"

అని, మనవరాలి మొహం చూసి నానమ్మ ఆగిపోయింది. ఆ కాకి ఎవరో ఇద్దరికీ ఒక్కసారే తట్టింది.

"నానమ్మా, రేపు ఒంటిపూట బడి. మధ్యాహ్నం నేనే చూస్తాను," అంది తూనీగ.

చూడటం అంటే చెప్పినంత తేలిక కాదు. అందులోనూ తూనీగకు. శనివారం మధ్యాహ్నం అన్నం తినేసి, బుడ్డోడి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నిమిషం గడవకముందే కాలు ఊగింది. ఊగే కాలును చేత్తో పట్టుకుంది. ముక్కు దురద పెట్టింది. గోక్కుంది. వంటింట్లో చాప మీద నానమ్మ చిన్న కునుకు తీస్తోంది. కింద చప్పుడు లేదు. బుడ్డోడు రెండు చేతులూ తల పక్కన పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని పడుకున్నాడు.

తూనీగ అన్నీ చూసింది. ఈగ వాలిందా? లేదు. దోమ? లేదు. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. కిటికీలోంచి ఎండ వస్తోంది గానీ, మంచం కిటికీ కిందే ఉండటం వల్ల బుడ్డోడి మీద పడటం లేదు. వాడి మీదుగా వెళ్ళి ఎదుటి గోడ మీద పడుతోంది.

ఆ ఎండ మెల్లగా గోడ మీద జరిగింది. క్యాలెండరు దాటింది. బీరువా ఎక్కింది. పిడికి వేలాడే సీడీ చేప తోకను ముట్టుకుంది.

చేప తళుక్కుమంది.

ఎక్కడిదో ఒక గుండ్రటి వెలుగు మంచం కంచె మీద వచ్చి పడింది. ఫ్యాను గాలికి చేప ఊగితే, ఆ వెలుగూ ఊగింది. కంచె మీద నుంచి దిండు మీదికి జారింది. దిండు మీద నుంచి బుడ్డోడి బుగ్గ మీదికి. అక్కడి నుంచి సరిగ్గా కళ్ళ మీదికి.

బుడ్డోడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తల అటు తిప్పాడు. వెలుగు కూడా అటే ఊగింది. ఇటు తిప్పాడు. వాడి మొహం అంతా ముడతలు పడింది. కింది పెదవి బయటికి వచ్చింది.

"కేర్!"

నానమ్మ కొంగు సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చి వాడిని ఎత్తుకుంది. ఎత్తుకోగానే ఏడుపు ఆగింది. ఆగకేం చేస్తుంది? వెలుగు ఇప్పుడు ఖాళీ దిండు మీద ఆడుకుంటోంది. కానీ నానమ్మ వీపు అటువైపు ఉంది.

తూనీగ తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయింది. బెంచీల పని వచ్చి బాబాయ్ సుత్తి చప్పుడు పెరిగింది ఈ మధ్యే. తమ్ముడికి పన్ను వచ్చిందీ ఈ మధ్యే. పన్ను వచ్చిన రోజున ఈ చేప ఎవరు కట్టారు? తనే. ఆ వెలుగు సంగతి మాత్రం తనకు తప్ప ఎవరికీ తెలీదు.

గబగబా వెళ్ళి చేపను పిడి నుంచి ఊడదీసి వెనక దాచుకుంది.

నానమ్మ బుడ్డోడిని భుజం మీద జోకొట్టి మళ్ళీ మంచంలో వేసింది. వాడు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, హాయిగా నిద్రలోకి జారిపోయాడు. నానమ్మ ఆశ్చర్యపోయింది.

"ఎప్పుడూ లేనిది, మళ్ళీ పడుకున్నాడే! చూశావుటే, ఆ సుత్తి చప్పుడు లేకపోయేసరికి పిల్లాడు మెల్లగా కుదురుకుంటున్నాడు. మామ్మగారు మంచి పనే చేశారు."

తూనీగ వెనక దాచిన చేపను ఇంకా గట్టిగా పట్టుకుంది. చేప దాచేస్తే గొడవ వదిలిపోతుందనుకుంది. కానీ చేప లేకపోతే తమ్ముడు ఏడవడు. తమ్ముడు ఏడవకపోతే, ఇన్నాళ్ళూ ఏడిపించింది సుత్తి బాబాయే అని అందరికీ ఖాయమైపోతుంది. దాచినకొద్దీ తప్పు పెద్దదవుతోంది.

వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి తొంగి చూసింది. బాబాయ్, వ్యాను డ్రైవరు కలిసి బెంచీలు ఎక్కిస్తున్నారు. మామ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

తూనీగ ఒక్క గెంతులో మెట్ల దగ్గర ఉంది. ఆ రోజు మెట్లు మూడేసి చొప్పున దిగింది.

"బాబాయ్, ఆగు! నువ్వు కాదు. నేను!"

బాబాయ్ చేతిలో బెంచీ అలాగే ఆగిపోయింది.

"నువ్వేంటే తల్లీ?" అన్నారు మామ్మగారు.

"తమ్ముడిని ఏడిపించింది నేను. అంటే నేను కట్టిన చేప." వెనక దాచిన చేపను ముందుకు తీసి పైకెత్తింది. వీధిలో ఎండ బాగా ఉంది. చేప తళుక్కుమని వెలుగంతా తీసుకెళ్ళి మామ్మగారి కళ్ళలో కొట్టింది.

"అబ్బా! తియ్యవే దాన్ని! కళ్ళు పోయేట్టున్నాయి!"

"బుడ్డోడికీ అలాగే ఉంటుంది మామ్మగారూ. కాకపోతే వాడికి 'తియ్యవే' అనడం రాదు."

మామ్మగారు కళ్ళు నలుపుకుంటూ ఆ చేపను, ఈ పిల్లను మార్చి మార్చి చూశారు. తూనీగ గుక్క తిప్పుకోకుండా చూసిందంతా చెప్పింది. ఎండ గోడ మీద జరగడం, చేప తళుక్కుమనడం, దిండు మీది వెలుగు, అన్నీ.

"అయితే సుత్తి చప్పుడుకి వాడు అసలు లేవడంటావా?" అని అడిగారు మామ్మగారు.

లేవడు మామ్మగారూ, అని ఒక్క మాట అనేస్తే బాబాయ్ ఉండిపోతాడు. ఆ మాట తూనీగ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"తెలీదు మామ్మగారూ. అది నేను చూడలేదు. చూడాలి."

మామ్మగారిని మేడ మీదికి రమ్మంది, బాబాయ్‌ని మాత్రం కాదు. ఆయన్ని కింద తన గదిలోనే ఉండి సుత్తి కొట్టమంది తూనీగ.

"వద్దమ్మలూ," అన్నాడాయన. "నిద్రపోయే పిల్లాడు."

"ఒక్కసారి బాబాయ్. రోజూ కొట్టినట్టే."

పైన నానమ్మకు సంగతంతా తెలిసి, "నా మనవడి నిద్రతో పరీక్షలేంటే మీకు!" అని కొట్టిపారేయబోయింది. మామ్మగారు వేలు పెదవుల మీద పెట్టి ఆపారు. ముగ్గురూ మంచం చుట్టూ చేరి ఊపిరి బిగబట్టారు.

టక్.

ఏదో పిల్లిని తట్టినట్టు మెల్లగా వినిపించింది. తూనీగ కిటికీ దగ్గరికి వెళ్ళి, "అలా కాదు బాబాయ్! నిజంగా!" అని కిందికి వినబడేలా అంది.

టక్. టక్. టకటక. టక్. టకటక.

ఇల్లంతా మోగింది. కిటికీ రెక్క అదిరింది. ముగ్గురి కళ్ళూ బుడ్డోడి మీదే ఉన్నాయి. వాడు పెదవులు చప్పరించాడు. నానమ్మ చేతులు ముందుకు వెళ్ళాయి. వాడు పక్కకు తిరిగి, బొటనవేలు నోట్లో పెట్టుకుని, ఇంకాస్త గట్టిగా నిద్రపోయాడు.

సుత్తి చాలాసేపు మోగింది. బుడ్డోడు కదలలేదు.

నానమ్మ స్టూలు మీద కూలబడింది. "రోజూ చప్పుడు వినిపించేది, వాడు ఏడ్చేవాడు. అంతే, కలిపేసుకున్నాను. వెనక్కి తిరిగి ఒక్కసారి ఆ దిండు చూడలేదే!" అని నుదురు కొట్టుకుంది. "నిన్న కాకి సామెత చెప్పిన నోరే ఇది."

మామ్మగారు మెట్లు దిగి, వ్యాను దగ్గర నిలబడి, ఆకాశం వైపు చూశారు.

"ఏమయ్యా, వాన వచ్చేట్టుంది. బెంచీలు తడుస్తాయి. దించి లోపల పెట్టుకో."

బాబాయ్ కూడా ఆకాశం వైపు చూశాడు. గోరంత మబ్బు కూడా లేదు. "అలాగేనమ్మా," అన్నాడు. ఆయన నవ్వడం తూనీగ అప్పుడే మొదటిసారి చూసింది. ముందు పన్ను ఒకటి లేదు. అచ్చం బుడ్డోడి నవ్వును తిరగేసినట్టుంది. వాడికి ఉన్నది ఒకటే, ఈయనకు లేనిది ఒకటే.

తూనీగ ఒక చిన్న పీట పట్టుకుని లోపలికి మోసింది. గదిలో ఎవరూ లేనప్పుడు అంది.

"సారీ బాబాయ్. నేను చూడకుండా రాసేశాను."

బాబాయ్ పైన అరలోకి పోబోతున్న సుత్తిని మళ్ళీ బల్ల మీద పెట్టాడు. తర్వాత తన జీవితంలోకెల్లా పొడుగాటి మాట మాట్లాడాడు.

"నువ్వు చూడకుండా రాశావు. నేనూ నిజమా కాదా అని అడక్కుండా మూట కట్టేశాను. పిల్లాడు ఏడుస్తున్నాడంటే నాకు ఇంకేం తోచలేదమ్మలూ. ఇద్దరికిద్దరం సరిపోయాం." బల్ల మీది పొట్టు దులుపుతూ, "ఆ చేప ఏం చేస్తావు?" అన్నాడు.

"పారేస్తాను."

"ఎందుకూ? ఈ గది మూల చీకటి. మేకు తల కనబడి చావదు. నాకివ్వు."

ఆయన దాన్ని గుమ్మం దగ్గర దారం కట్టి వేలాడదీశాడు. వీధి ఎండ చేప మీద పడి, మూలనున్న బల్ల మీద గుండ్రంగా వాలింది. ఆ వెలుగులో ఒక మేకు తల మెరిసింది.

ఆదివారం మధ్యాహ్నం తూనీగ కొత్త కాగితం తీసుకుని బుడ్డోడి మంచం పక్కన కూర్చుంది. సోమవారం క్లాసులో అందరి ముందూ చదవాలని టీచర్ అడగకుండానే తనే నిర్ణయించుకుంది. నక్షత్రం ఉన్న పాత కాగితం పక్కనే పెట్టుకుంది. దాని మీద "ఇది విని రాసింది. తప్పు" అని రాసింది. నక్షత్రం మీద జాలేసింది గానీ రాసింది.

కొత్త కాగితం మీద ఇలా మొదలుపెట్టింది. "మా తమ్ముడు ఏడ్చింది సుత్తి బాబాయ్ వల్ల కాదు. నేను కట్టిన చేప వల్ల. ఇది నేను చూశాను."

మంచంలో బుడ్డోడు కంచె పట్టుకుని నిలబడి గోల చేస్తున్నాడు. కళ్ళ నిండా నిద్ర ఉంది, పడుకోనంటాడు. నానమ్మ జోకొట్టింది. లాభం లేదు. పాట పాడింది. ఇంకా గోల ఎక్కువైంది.

అప్పుడు కింద బెంచీల పని మొదలైంది. టక్. టక్. టకటక.

బుడ్డోడు గోల ఆపాడు. తల వంచి విన్నాడు. మెల్లగా కూర్చున్నాడు. తర్వాత పక్కకు ఒరిగాడు. చూస్తుండగానే నిద్రపోయాడు.

నానమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఓసి వీడి దుంప తెగ! వీడికి సుత్తి చప్పుడే జోలపాటటే! ఈ నాలుగు రోజులూ అది లేకే సరిగ్గా పడుకోలేదు. రాసుకో తూనీగా, రాసుకో. సుత్తి వల్లే నిద్రపోతున్నాడని రాసుకో!"

తూనీగ సంబరంగా పెన్సిల్ అందుకుంది. "సుత్తి మోగింది. తమ్ముడు నిద్రపోయాడు" అని రాసింది. తర్వాత "సుత్తి వల్ల" అని రాయడానికి పెన్సిల్ ఆనించి, ఆగింది.

"ఏంటే, ఆగిపోయావు?"

"ఒక్కసారే కదా నానమ్మా చూశాం," అంది తూనీగ. ఆ మాటల కింద "ఇంకా చూడాలి" అని రాసి, పెన్సిల్ పక్కన పెట్టి, ఊగే కాలును చేత్తో పట్టుకుని, తమ్ముడి వైపు చూస్తూ కూర్చుంది.